ఐదు పాయింట్లు అడిగిన పిల్లలకు

చిక్కడపల్లి,
హైదరాబాద్.

పిల్లలూ,

మొన్న రాత్రి చిన్నది ఫోను చేసి, "అమ్మమ్మా, కష్టకాలం వస్తే మనుషులు, సంస్థలు, వ్యాపారాలు ఎలా మారతాయో ఐదు పాయింట్లు చెప్పవా, సోమవారం బడిలో ఇవ్వాలి" అంది. వెనక నుంచి పెద్దవాడు, "కంప్యూటర్‌ని అడిగితే యాభై ఇస్తుంది" అన్నాడు. ఇస్తుంది, నాకు తెలుసు. అందుకే నేను ఐదు కూడా ఇవ్వను. ఈ ఉత్తరం మీ తరగతిలో చదివి వినిపించండి. టీచరు గారు మార్కులు తగ్గిస్తే నేను వచ్చి మాట్లాడతాను.

మా బాల్కనీలో మనీప్లాంటు కుండీ కింద నల్లటి ఇనుప సామాను ఒకటి ఉంటుంది కదా, పోయిన వేసవిలో పెద్దవాడు దాని మీద కాలు పెట్టి నా చేత తిట్లు తిన్నాడు. అది రెమింగ్టన్ టైపు మిషను. నా సంగతి దానితోనే మొదలవుతుంది.

1983లో ఈ వీధి చివర, ఒక అద్దె గదిలో ఆరు మిషన్లతో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాను. నాలుగు ఇంగ్లీషువి, రెండు తెలుగువి. అప్పట్లో పదో తరగతి గట్టెక్కిన పిల్లలను తల్లిదండ్రులు ముందుగా తీసుకువచ్చేది మా దగ్గరకే. లోయర్ పరీక్షకు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. పొద్దున్న ఆరింటికి మొదటి బ్యాచి, రాత్రి ఎనిమిదిన్నరకు చివరిది. వేళ్లు కుదురుకునే దాకా అందరూ కొట్టేది ఒకటే పాఠం, "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్". పడుకున్నా ఆ చప్పుడే చెవుల్లో వినబడేది. మీ తాతయ్య మాత్రం, వాన పడుతున్నట్టుంటుంది, హాయిగా నిద్రపడుతుంది అనేవారు. ఫీజులు వసూలు చేసే పని ఆయనది కాదు కనుక అలా అనగలిగారు.

నెలకోసారి మెకానిక్ ఒకాయన సైకిలు మీద వచ్చేవారు. మీ అమ్మ ఆయన్ను మెకానిక్ మామయ్య అనేది. సంచిలో కిరోసిను సీసా, పాత టూత్ బ్రష్షులు, సన్న స్క్రూడ్రైవర్లు, నూనె డబ్బా ఉండేవి. మిషను మూత తీయకముందే పక్క గదిలో టీ తాగుతూ చప్పుడు విని, "మూడో మిషనులో 'క' వంగిందమ్మా" అని చెప్పేవారు. అలాంటి చెవి ఉన్న మనిషిని ఆ తరువాత నేను చూడలేదు.

ఇప్పుడు నా తెలివితక్కువతనం చెబుతాను. 1994లో నా రెండు గాజులు అమ్మి ఆరు కొత్త మిషన్లు కొన్నాను. నగరంలో కంప్యూటర్లు అప్పటికే వచ్చేశాయి, నాలుగు వీధుల అవతల ఒక శిక్షణ కేంద్రం కూడా వెలిసింది. నేను చూడలేదా అంటే చూశాను. కానీ నా గదిలో పొద్దున్న నుంచి రాత్రి దాకా కుర్చీ ఖాళీ లేదు. కొట్టు నిండుగా ఉన్నవాళ్లకు వీధిలో ఏం జరుగుతోందో పట్టదు.

కళ్లు తెరిపించింది ఒక పరిశోధక విద్యార్థి. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, రెండు వందల పేజీల సిద్ధాంత గ్రంథం మా దగ్గర టైపు చేయించుకుంది. గైడు గారు ముప్పయ్యో పేజీలో ఒక పేరా చేర్చమన్నారు. ఒక్క పేరానే. కానీ టైపు మిషనులో ఒక పేరా చేరితే దాని వెనక ఉన్న పేజీలన్నీ జరుగుతాయి. ఆ అధ్యాయమంతా మళ్లీ కొట్టాలి, డబ్బు మళ్లీ కట్టాలి. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని, కాగితాలు తీసుకుని ఆ నాలుగు వీధుల అవతలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కంప్యూటరంటే టైపును ఇంకాస్త వేగంగా కొట్టే యంత్రమని అనుకుంటూ వచ్చాను, మా పిల్లల వేగం ముందు అదెంతలే అని ధీమా. జనానికి కావలసింది వేగం కాదు. తప్పు దిద్దుకునే వీలు.

1997లో అప్పు చేసి రెండు కంప్యూటర్లు కొన్నాను. అంతకుముందు ఒక కంపెనీ మా పేరు మీద శిక్షణ కేంద్రం పెట్టిస్తామని డిపాజిట్టు కట్టించుకుని ఆరు నెలల్లో బోర్డు తిప్పేసింది, ఆ కథ మీకు ఎన్నోసార్లు చెప్పాను, వదిలేయండి. అను అనే తెలుగు అక్షరాల ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, విద్యార్థుల ప్రాజెక్టులు చేశాం. టైపు నేర్చిన మా ఆడపిల్లలు వారం రోజుల్లో అందుకున్నారు. మిషను మారినా వేళ్లు అవే కదా.

మెకానిక్ గారికి మాత్రం పని పోయింది. కంప్యూటరు చప్పుడు చేయదు, ఆయన చెవికి అక్కడ పని లేదు. ప్రింటర్ల మరమ్మతు నేర్పించే చోటు ఒకటి కోఠీలో ఉందని నాకు తెలుసు, ఫీజు కూడా పెద్దది కాదు. కట్టి ఉండవచ్చు. కట్టలేదు. అప్పులో ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను.

కాబట్టి ఎవరైనా, ఫలానా సంస్థ కాలానికి తగ్గట్టు చక్కగా మారిపోయింది అని పొగిడితే, ఆ మార్పు ఖరీదు ఎవరు కట్టారని నేను అడుగుతాను. మీరు కూడా అడగండి.

మన నగరం కట్టిన అన్నిటికంటే పెద్ద ఖరీదు 1908 సెప్టెంబరు 28న. మూసీ పొంగి ఒక్క రోజులో 15,000 మంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఆసుపత్రి కొట్టుకుపోయింది. అక్కడి చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. నది ఒడ్డున గోడలు లేపి చేతులు దులుపుకోవచ్చు. ఆయన నది పైకి, వాన పడిన చోటికి వెళ్లి చూశారు. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని తరువాత ఒకటి తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా ఊరి మీద పడిందని లెక్కగట్టారు. వరదను ఊరికి దూరంగానే ఆపి, మెల్లగా వదలాలని చెప్పారు. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. భూగర్భ మురుగుకాలువల పథకం కూడా ఆయనదే. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలను తీసి వెడల్పు వీధులు వేసింది. కూలిన ఆసుపత్రి దగ్గరే ఇప్పుడు మనం చూసే ఉస్మానియా భవనం లేచింది.

ఇంతవరకు మీ పాఠ్యపుస్తకంలో ఉండవచ్చు. తరువాతి భాగం ఉంటుందో లేదో మరి. వరద ఆపడానికి కట్టిన ఆ రెండు జలాశయాలు ఊరికి తాగునీళ్లిచ్చాయి. ఉస్మాన్ సాగర్‌నే గండిపేట అంటాం, మా చిన్నతనంలో ఆ గండిపేట నీళ్లంటే ఎంత గొప్పో! ఆ నీళ్లు తాగినవాడు ఈ ఊరు విడిచి వెళ్లడని చెప్పుకునేవారు. జనం పెరిగారు, 1965లో మంజీర నీళ్లు, 2004లో కృష్ణ, ఆ తరువాత గోదావరి వచ్చాయి. అంత దూరం నుంచి నీళ్లు వస్తుంటే గండిపేటతో పనేమిటనే ఆలోచన కూడా వాటి వెంటే వచ్చింది. ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడాలు రాకుండా 1996లో ఇచ్చిన 111 జీవో ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో మరో జీవో ఇచ్చారు. దాని మీద పెద్దవాళ్లు రెండు పక్షాలుగా వాదించుకుంటారు, నా పక్షం మీరు ఊహించగలరు. అవి అసలు ఎందుకు కట్టారో గుర్తున్నవాళ్లు తగ్గిపోయారు.

అందుకే 2020 అక్టోబరు వానకు నేను ఆశ్చర్యపోలేదు, భయపడ్డాను. మళ్లీ చెరువుల కట్టలు తెగాయి. హుస్సేన్ సాగర్ నుంచి వచ్చే నాలా పొంగి మా వీధి మొదట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీరు తన పాత దారి మరిచిపోదు. ఆ దారిలో ఇళ్లు కట్టుకున్నది మనం.

ఇక వ్యాపారాలు. బాలానగర్ వైపు వెళితే ఐడీపీఎల్ అన్న పేరు బస్సుస్టాపుల్లో వినపడుతుంది. 1961లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన మందుల సంస్థ అది, బాలానగర్‌లో పెద్ద కర్మాగారం నడిపింది. 1970లో పేటెంట్ల చట్టం వచ్చి 1972 నుంచి అమలైంది. మందుకు పేటెంటు ఉండదు, దాన్ని తయారుచేసే పద్ధతికే ఉంటుంది అని దాని సారం. అంటే అదే మందును మరో దారిలో తయారుచేయగలిగితే తప్పు లేదు. ఆ మరో దారి వెతకగల రసాయన శాస్త్రజ్ఞులు ఐడీపీఎల్‌లో తయారయ్యారు. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇంకా ఎందరో ఆ దారినే బయటికి వచ్చారు. ఐడీపీఎల్ మాత్రం 1990లు వచ్చేసరికి ఖాయిలా పడింది. కరోనా ఏడాదిలో శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ నుంచి కొవాగ్జిన్ టీకా వచ్చి 2021 జనవరిలో అనుమతి పొందినప్పుడు, దాని వెనక ఇంత పాత చరిత్ర ఉందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఇలాంటిదే ఆల్విన్. 1942లో పుట్టి బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. మన ఇంట్లో మొదటి ఫ్రిజ్ అదే. 1990లలో ముక్కలై చేతులు మారింది, ఇప్పుడు మియాపూర్ దగ్గర ఒక కూడలి పేరుగా మిగిలింది.

కంప్యూటరు కోర్సులు నేర్పే అమీర్‌పేట గురించి రెండు మాటలు చాలు. అక్కడి మైత్రీవనం భవనం చుట్టూ ఉన్న గోడల మీద బోర్డులు చూస్తే ప్రపంచానికి ఆ ఏడాది ఏం కావాలో తెలుస్తుంది. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న గొడవ రోజుల్లో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు. తరువాత జావా, టెస్టింగ్. అంత తొందరగా మారేవాళ్లను నేను చూడలేదు. నాకు కొంచెం అసూయ కూడా.

కరోనా మీరు చూసినదే, కానీ అప్పటికి చిన్నవాళ్లు. బస్సులు ఎక్కేవారు లేని ఆ రోజుల్లో, 2020 జూన్‌లో, ఆర్టీసీ సరుకుల రవాణా మొదలుపెట్టింది. పాత బస్సుల్లో సీట్లు తీసేసి మూటలు వేశారు. 1932లో 27 బస్సులతో ఆ సంస్థ పుట్టింది నిజాం రైల్వే చేతుల్లోనే కనుక, సరుకు మోయడం దాని రక్తంలో ఉన్నదే అనుకోండి. అరవై అడుగులు దాటిన ఖైరతాబాద్ గణపతి ఆ ఏడాది తొమ్మిది అడుగుల ధన్వంతరి రూపంలో కూర్చున్నాడు. దేవుడే సర్దుకున్నాడని మీ తాతయ్య నవ్వారు. నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ 2021లో జరగలేదు. 2020 మే ఒకటిన లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీల కోసం దేశంలో మొదటి ప్రత్యేక రైలు బయలుదేరింది. పన్నెండు వందల మందికి పైగా వెళ్లారు. దాన్ని మంచి ఏర్పాటు అని మెచ్చుకోవచ్చు. లాక్‌డౌన్ మొదలై అప్పటికి ఐదు వారాలు దాటింది, ఆ ఐదు వారాలు ఆ మనుషులు ఏం తిన్నారో కూడా మీ పాయింట్లలో రాయండి.

ఆ ఏడాదే సెప్టెంబరు ఒకటిన సర్కారు బడి పిల్లలకు టీవీలో పాఠాలు మొదలయ్యాయి. బడి ఆగలేదని అందరూ సంతోషించారు. మా మేడ కింద ఉండే ఇస్త్రీ దుకాణం వాళ్ల అమ్మాయికి ఇంట్లో టీవీ లేదు, ఫోను ఒక్కటే, అది వాళ్ల నాన్న జేబులో. రోజూ పదిన్నరకు మా ఇంటి గుమ్మం బయట మాస్కు పెట్టుకుని కూర్చునేది. నేను టీవీని తలుపు వైపు తిప్పి పెట్టేదాన్ని. ఆ ఏడాది తొమ్మిదో తరగతి లెక్కలు నేను కూడా చదివాను, పెద్దగా ఎక్కలేదు.

మెకానిక్ గారి సంగతి మళ్లీ చెప్పకుండా ఉత్తరం ముగించలేను. టైపు మిషన్లను తూకానికి అమ్మినప్పుడు ఆయనే వచ్చి ఒక్కొక్కటీ తుడిచి ఆటోలో ఎక్కించారు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఉంచుకోమన్నారు. తరువాత కొన్నాళ్లు కుట్టుమిషన్లు బాగుచేశారు. ఇప్పుడు ఇక్కడికి రెండు వీధుల అవతల ఒక అపార్ట్‌మెంటులో కాపలా ఉంటారు. పోయిన నెల కూరగాయలకు వెళుతూ చూశాను. లిఫ్టు తలుపు చప్పుడు విని, "బేరింగు పోతోందమ్మా, వారం రోజుల్లో ఆగిపోతుంది, చెబితే ఎవరూ వినడం లేదు" అన్నారు. వారం తరువాత ఆగిందట.

దసరా సెలవులకు రండి. కుండీ దించి, మిషను తుడిచి, ఆయన దగ్గరకు పట్టుకు వెళదాం. క్యారేజి ఎడమ వైపు జరగడం లేదు, 'క' కూడా పడటం లేదు. ఈసారి డబ్బు ముందే ఇస్తాను. వచ్చేటప్పుడు మీ పాత ఫోను ఒకటి తీసుకురండి, కింద అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ