ఎవరికి ఎంత తెలుసు?

‘ది అమెరికన్స్’ సిరీస్ మొదటి ఎపిసోడ్ చివర్లో ఒక సీన్ ఉంది. కాలం 1981. వాషింగ్టన్ శివార్లలో ఒక మామూలు కాలనీ. ఫిలిప్, ఎలిజబెత్ అనే దంపతులు ట్రావెల్ ఏజెన్సీ నడుపుకుంటూ, ఇద్దరు పిల్లలతో అక్కడ కాపురం ఉంటారు. నిజానికి వాళ్లిద్దరూ సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ పంపిన మనుషులు. ఎదురింట్లోకి కొత్తగా వచ్చిన స్టాన్ ఎఫ్‌బీఐలో పనిచేస్తాడు. వీళ్ల కారు మీద అతనికి ఎందుకో అనుమానం. ఒక రాత్రి తాళం తీసుకుని వాళ్ల గ్యారేజీలో దూరి, కారు డిక్కీ తెరిచి చూస్తాడు. ఖాళీ. అంతకుముందు అందులో ఒక మనిషిని కట్టి పడేశారని మనకు తెలుసు. అదే చీకట్లో మూలన ఫిలిప్ తుపాకీ పట్టుకుని నిలబడ్డాడనీ తెలుసు. స్టాన్‌కి ఈ రెండూ తెలియవు. డిక్కీ మూసి వెళ్లిపోతాడు.

ఒక్క తూటా పేలలేదు, అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. గూఢచారి సిరీస్ బాగుందా లేదా అని తేల్చుకోవడానికి నా కొలత ఇలాంటి సీన్లే. ఏ క్షణంలో ఎవరికి ఏం తెలుసు, ఎవరు దేని గురించి పొరబడుతున్నారు అన్న లెక్కను రచయితలు ఎంత నిజాయితీగా నడిపారన్నది చూస్తాను. ఛేజింగులు, విదేశీ లొకేషన్లు ఆ తర్వాతి సంగతి. ఇది నా ఒక్కడి అభిరుచే అయితే వ్యాసం రాయనక్కర్లేదు. ఇలాంటి కథ చూస్తున్నప్పుడు మన బుర్ర ఏం చేస్తుందన్న దాని మీద మంచి పరిశోధనే జరిగింది.

1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు చిన్నపిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సీ అనే పిల్లాడు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. మాక్సీ తిరిగొచ్చి చాక్లెట్ కోసం ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాక్లెట్ నిజంగా ఉన్న చోటే చూపిస్తారు. తమకు తెలిసింది మాక్సీకి తెలియదన్న ఊహ వాళ్లకు ఇంకా రాదు. నాలుగేళ్లు దాటాక మెల్లగా వస్తుంది. ఎదుటివాడి బుర్రలో ఉన్న తప్పు నమ్మకాన్ని మన బుర్రలో పట్టుకోవడం అన్న ఈ పని మీదే గూఢచారి కథ మొత్తం నిలబడుతుంది. గ్యారేజీలో స్టాన్ చేసింది మాక్సీ చేసిందే.

అయితే ఈ శక్తికి హద్దుంది. ‘స్టాన్‌కి తెలియదని ఫిలిప్‌కి తెలుసు’ అనేది సులువు. ‘స్టాన్ తనను అనుమానిస్తున్నాడని ఫిలిప్ కనిపెట్టాడని ఎలిజబెత్ ఊహించింది’ అన్నా ఫరవాలేదు. 1998లో పీటర్ కిండర్మన్, రాబిన్ డన్బార్, రిచర్డ్ బెంటాల్ కొందరికి చిన్న కథలు ఇచ్చి, ఇలా మెట్లు పెంచుకుంటూ ప్రశ్నలు వేశారు. నాలుగో మెట్టు దాకా జనం బాగానే చెప్పారు. ఐదో మెట్టుకు వచ్చేసరికి తప్పులు ఒక్కసారిగా పెరిగాయి. అదే కథలో ఏ సంఘటన తర్వాత ఏది జరిగిందని అంతే పొడవైన ప్రశ్న అడిగితే మాత్రం తడబడలేదు. అంటే జ్ఞాపకశక్తి చాలక కాదు, మనసుల లోపల మనసుల్ని పేర్చడమే కష్టం. డబుల్ ఏజెంటు అనుకున్నవాడు ట్రిపుల్ ఏజెంటై, వాణ్ని నడిపేవాడు ఇంకెవరి మనిషో అయ్యే సిరీస్‌లు మూడో ఎపిసోడ్‌కే అలసట తెప్పించేది ఇందుకే. చూసేవాడి తెలివిలో లోపం లేదు.

1979లో బీబీసీ తీసిన ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’ ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిది. మొత్తం ఏడు ఎపిసోడ్లు. దాదాపు అంతా గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడమే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇక్కడ పట్టాల్సింది బ్రిటిష్ గూఢచారి సంస్థ పై అంతస్తులో కూర్చున్న ఇంటి దొంగనే. రిటైరైన స్మైలీ ఒక్కొక్కరినీ కలిసి వాళ్లకు తెలిసిన ముక్కను పట్టుకుపోతాడు. ఆ పాత్ర వేసిన అలెక్ గిన్నెస్, ఎలా కూర్చోవాలో ఎలా నడవాలో చూసుకోవడానికి బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6 మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌ను స్వయంగా కలిశాడు.

ఈ కథ నడక తెలుగువాళ్లకు మరీ కొత్తేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం గూఢపురుషుల గురించి చెబుతూ, వేర్వేరు స్థావరాల వేగులు ఒకరినొకరు ఎరగకూడదంటుంది. ముగ్గురు చెప్పింది ఒకటైతేనే నమ్మమంటుంది. లెక్క ప్రకారం చక్కటి సలహా. విడివిడిగా పనిచేసే ముగ్గురూ ఒకే తప్పు చేసే అవకాశం చాలా తక్కువ. కానీ ఆ ముగ్గురికీ కబురు ఒకే చోటి నుంచి వస్తుంటే? అప్పుడు ముగ్గురు ఒక్కరితో సమానం. బీబీసీ సిరీస్‌లో జరిగే మోసం ఇదే. పెద్దలంతా మురిసిపోయే అమూల్యమైన సమాచారం ఒక్క ఊటలోంచే వస్తోంది, ఆ ఊట శత్రువు చేతిలో ఉంది.

ఇక సస్పెన్స్. దీని మీద నాకు బాగా నచ్చిన పని సాహిత్య విమర్శకులది కాదు, ఆర్థికవేత్తలది. జెఫ్రీ ఈలీ, అలెగ్జాండర్ ఫ్రాంకెల్, ఎమిర్ కమెనిట్సా 2015లో ఒక పరిశోధన పత్రంలో సస్పెన్స్‌కీ సర్‌ప్రైజ్‌కీ గణితంలో నిర్వచనాలిచ్చారు. కథ ఎలా ముగుస్తుందన్న దాని మీద ప్రతి క్షణం మనకొక అంచనా ఉంటుంది. ఇప్పుడే జరిగిన దానివల్ల ఆ అంచనా ఎంత మారిందో అది సర్‌ప్రైజ్. వచ్చే క్షణంలో అది ఎంత మారే వీలుందో అది సస్పెన్స్. చివరి ఓవర్లో పది పరుగులు కావాల్సినప్పుడు బౌలర్ పరుగు మొదలుపెడతాడు చూడండి, ఇంకా ఏమీ జరగలేదు, టెన్షన్ మాత్రం అప్పుడే.

ఈ నిర్వచనంలోంచి ఒక చిక్కు బయటపడుతుంది. ప్రతి ఎపిసోడ్‌కీ ఒక ట్విస్ట్ తప్పదని ప్రేక్షకుడికి అలవాటైతే, వాడి అంచనాలో ఆ ట్విస్ట్ ముందే చేరిపోతుంది. ‘ఈయనా దొంగే అయ్యుంటాడులే’ అనుకుంటూ చూస్తాడు, దొంగ అని తేలినా అంచనా కదలదు. సర్‌ప్రైజ్ సున్నా. ఒక్కోసారి ఏమీ జరగకుండా పోయే ధైర్యం ఉన్న సిరీసే నిజంగా ఉలిక్కిపడేలా చేయగలదు. ఖాళీ డిక్కీ అలాంటిదే.

సస్పెన్స్ సీన్లో ఎవరో పిలిచినా వినబడలేదంటాం. వినికిడి మాటేమో గానీ, చూపు నిజంగానే కుంచించుకుపోతుంది. అదే 2015లో మాథ్యూ బెజ్డెక్, ఎరిక్ షూమాకర్ తదితరులు కొందరికి ఎంఆర్ఐ స్కానర్‌లో సస్పెన్స్ సినిమా ముక్కలు చూపించి, తెర అంచుల్లో గళ్ల బొమ్మలు మిణుకుమనిపించారు. కథలో ఉత్కంఠ పెరిగిన కొద్దీ, పక్కచూపును చూసుకునే మెదడు భాగంలో చురుకుదనం తగ్గింది. కథ సడలగానే మళ్లీ పెరిగింది.

గూఢచారి సిరీస్‌లు ఎక్కువగా అబద్ధమాడేది అబద్ధాల గురించే. అనుమానితుడి కళ్లు అటూ ఇటూ కదలగానే మహా మేధావి అయిన అధికారి పసిగట్టేస్తాడు. వాస్తవం వేరు. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో 206 అధ్యయనాలను కలిపి చూశారు. వాటిలో పాల్గొన్నవాళ్లు 24,000 మందికి పైనే. ఎదుటివాడు చెబుతున్నది నిజమా అబద్ధమా అన్నది వాళ్లు సరిగ్గా పోల్చుకున్నది సగటున 54 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది.

అబద్ధాలు పట్టేస్తుందని చెప్పుకునే పాలీగ్రాఫ్ యంత్రం రక్తపోటు, శ్వాస, చర్మం మీది చెమట కొలుస్తుంది. అంటే కంగారును కొలుస్తుంది, అబద్ధాన్ని కాదు. సీఐఏలో పనిచేస్తూ 1985 నుంచి సోవియట్లకు రహస్యాలు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో ఒకసారి, 1991లో ఇంకోసారి ఆ పరీక్ష గట్టెక్కాడు. ఈలోగా 5,40,000 డాలర్ల ఇల్లు రొక్కం పెట్టి కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకు వచ్చాడు. పట్టుబడింది 1994లో. ‘ది అమెరికన్స్’ సృష్టికర్త జో వైస్‌బర్గ్ సీఐఏలో పనిచేసిన మనిషి. అందుకేనేమో, ఆ సిరీస్ రెండో సీజన్‌లో నీనా అనే రష్యన్ అమ్మాయి పాలీగ్రాఫ్‌ను దాటిపోవడం చాలా సహజంగా ఉంటుంది. యంత్రాన్ని నమ్మినవాళ్లే అక్కడ మోసపోతారు.

ఎవరికి ఎంత తెలుసన్న లెక్క నిజ జీవితంలో ఎంత చిక్కుపడుతుందో చూడాలంటే వెనోనా ఉదంతం చాలు. సోవియట్ల రహస్య సందేశాల్ని ఛేదించి చదవడానికి అమెరికా నడిపిన కార్యక్రమం పేరది. సోవియట్ ఏజెంట్ల సందేశాలకు వాడినది ఒక్కసారి మాత్రమే వాడాల్సిన తాళపు పుస్తకాలు. సందేశాన్ని అంకెలుగా మార్చి, పుస్తకంలోని యాదృచ్ఛిక అంకెల్ని ఒక్కొక్కటిగా కలుపుతారు. ఆ పేజీని మళ్లీ వాడరు. నియమం తప్పకపోతే దీన్ని ఎవరూ ఛేదించలేరని క్లాడ్ షానన్ గణితంతో నిరూపించాడు, ఆ ఫలితం 1949లో అచ్చయింది. కానీ 1941లో హిట్లర్ సేనలు సోవియట్ యూనియన్ మీద పడ్డాక సందేశాల రద్దీ పెరిగింది. అచ్చువేసేవాళ్లు 1942 మొదట్లో కొన్ని వేల పేజీల్ని రెండేసిసార్లు ముద్రించేశారు. ఒకే పేజీతో దాచిన రెండు సందేశాలు దొరికితే, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేస్తే చాలు, తాళం రద్దయిపోతుంది. మిగిలేది రెండు మాటల మధ్య తేడా. అక్కడి నుంచి ఓపికతో లాగవచ్చు.

వర్జీనియాలోని ఆర్లింగ్టన్ హాల్‌లో 1943లో ఆ పని మొదలుపెట్టింది జీన్ గ్రాబీల్ అనే మాజీ టీచరమ్మ. అణుబాంబు రహస్యాలు చేరవేసిన క్లాస్ ఫుక్స్ ఆచూకీ ఇలాగే దొరికింది. ఇక చిక్కులు చూడండి. అమెరికన్లు ఈ సందేశాల్ని కోర్టులో పెట్టలేరు, పెడితే చదవగలుగుతున్నామని మాస్కోకి తెలుస్తుంది. కానీ మాస్కోకి అప్పటికే తెలుసు! 1949లో వాషింగ్టన్ వచ్చిన బ్రిటిష్ అధికారి కిమ్ ఫిల్బీకి వెనోనా ఫలితాలు చూపించేవారు, అతను సోవియట్ల మనిషి. తెలిసి మాస్కో చేయగలిగిందీ ఏమీ లేదు, పంపేసిన సందేశాలు వెనక్కి రావు. తమ ఏజెంట్లు కొందరిని తప్పించడం ఒక్కటే మార్గం. 1951లో డోనల్డ్ మెక్‌లీన్ అలాగే తప్పించుకుపోయాడు. ఈ వ్యవహారాన్ని అమెరికా అధికారికంగా బయటపెట్టింది 1995లో. దీన్ని సరిగ్గా తీస్తే ఒక్క పేలుడు లేకుండా పది ఎపిసోడ్లు వస్తాయి. ముద్రణాలయంలో పని ఒత్తిడే అసలు విలన్ అయిన గూఢచారి కథ ఎవరైనా తీస్తే ముందు వరసలో కూర్చుంటాను.

కథలు బయటపెట్టేస్తున్నానని విసుక్కునేవాళ్లకు ఒక మాట. 2011లో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ చేసిన ప్రయోగాల్లో ముగింపు ముందే తెలిసిన పాఠకులు కథల్ని కాస్త ఎక్కువే ఆస్వాదించారు. తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాలు దీనికి ఎదురు తిరిగాయి, అది వేరే సంగతి. మీరు మొదటి మాటే పట్టుకోండి.

ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది మూడో సీజన్ రహస్యం. ఫిలిప్, ఎలిజబెత్ తామెవరో టీనేజ్ కూతురు పేజ్‌కి చెప్పేస్తారు. అప్పటిదాకా ఇంట్లో రెండు వర్గాలే, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ. ఇప్పుడు పేజ్ తమ్ముడి ముందు నటించాలి, ఎదురింటి స్టాన్ ముందు నటించాలి. అన్నం బల్ల దగ్గర కూర్చున్నా తల్లిదండ్రులు చెప్పేదాంట్లో ఇంకెంత అబద్ధముందోనని లెక్కేసుకోవాలి. మైకేల్ స్లెపియన్, అతని సహచరులు 2017లో 13,000కు పైగా రహస్యాలను పరిశీలించి చెప్పినదేమంటే, రహస్యం బాధపెట్టేది ఎదుటివాళ్ల దగ్గర దాచేటప్పుడు కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు మనసు పదేపదే దాని దగ్గరికే పోతుంది, ఆ బరువే ఎక్కువ. పేజ్ పాత్రను రాసినవాళ్లు ఇది ముందే గ్రహించినట్టుంది. ఆ సీజన్ చివర్లో ఆ పిల్ల తట్టుకోలేక చర్చి పాస్టర్‌కి ఫోన్ చేసి చెప్పేస్తుంది.

మన ‘ది ఫ్యామిలీ మ్యాన్’ 2019లో వచ్చినప్పుడు జనానికి పట్టిందీ ఇలాంటిదే అనుకుంటాను. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివిన రాజ్, డీకే తీసిన సిరీస్ అది. అందులో శ్రీకాంత్ టెర్రరిస్టుల్ని పట్టుకునే సీన్లు నాకిప్పుడు సగం గుర్తులేవు. పెళ్లాంపిల్లల ముందు అతని తంటాలు, రెండో సీజన్‌లో ఐటీ కంపెనీలో చేరి కుర్ర బాసు ఉపదేశాలు వింటూ పళ్లు కొరకడం మాత్రం గుర్తున్నాయి. ఆ బాసుకు ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలియదు, మనకు తెలుసు. నవ్వూ అందులోంచే, టెన్షనూ అందులోంచే.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ‘ది అమెరికన్స్’ ఆరు సీజన్లు, 75 ఎపిసోడ్లు. తీరిక కావాలి. ఫ్రెంచి సిరీస్ ‘ల బ్యూరో దె లెజాండ్’ అయిదు సీజన్లు, 50 ఎపిసోడ్లు, సబ్‌టైటిల్స్‌తో చూడాలి, కానీ ఆఫీసు రాజకీయాలు అంత బాగా చూపించిన గూఢచారి సిరీస్ ఇంకోటి నేను చూడలేదు. బీబీసీది శని, ఆదివారాల్లో అయిపోతుంది. దాంట్లో మొదటి ఎపిసోడ్లో ఎవరు ఎవరో అంతుపట్టక చికాకేస్తుంది. ఒక కాగితం మీద పేర్లు, ఎవరికి ఏం తెలుసో రాసుకుంటూ చూడండి. నేను రాసుకునే చూశాను, అయినా నాలుగో ఎపిసోడ్‌లో రెండో ఎపిసోడ్‌కి వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.