మానడానికి ఎందరు కావాలి?

పల్లెల్లో సిగరెట్టు తగ్గకపోవడానికి అవగాహన లేకపోవడమే కారణమా అని ఒక పాఠకురాలు అడిగారు. అది కారణాల్లో ఒకటి మాత్రమేనని నా అభిప్రాయం. హాని బాగా తెలిసిన మనిషి కూడా పక్కవాడు పెట్టె చాచినప్పుడు ఎందుకు కాదనలేకపోతున్నాడన్నది అంతకన్నా లోతైన ప్రశ్న. దానికి సమాధానం ఊపిరితిత్తుల శాస్త్రంలో కంటే లెక్కల్లో ఎక్కువగా దొరుకుతుంది.

ఆ క్షణాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పని మధ్యలో నలుగురు నీడకు చేరతారు. ఒకరు పెట్టె తెరిచి, ఒక సిగరెట్టును వేలితో కొద్దిగా పైకి నెట్టి, ముందు పక్కవాడికి చూపుతారు. గీసిన అగ్గిపుల్ల గాలికి ఆరిపోకుండా అరచేతులు అడ్డుపెట్టి, ముందుగా అతని సిగరెట్టే వెలిగిస్తారు. వద్దంటే ఆ చేతిని తోసేసినట్టవుతుంది. నగరంలో ఆ చేయి కేవలం ఒక సహోద్యోగిది కావచ్చు. పల్లెలో మాత్రం పొరుగువాడు, చుట్టం, అవసరానికి అప్పిచ్చినవాడు, రేపు పనికి తోడు రావలసినవాడు చాలాసార్లు ఒకే మనిషి.

ఇక నాకెంతో ఇష్టమైన లెక్కకు వద్దాం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1978లో ఒక నమూనాను ప్రచురించారు. తనకు ముందు ఎందరు ఒక పని చేస్తే తానూ చేస్తాడో తెలిపే సంఖ్య ప్రతి మనిషికీ ఒకటి ఉంటుందని అందులోని ఊహ. దాన్ని గడప సంఖ్య అందాం. ఆయన ప్రధానంగా అల్లర్ల గురించి ఆలోచించారు గాని, సిగరెట్టు మానడానికీ ఆ లెక్కను వర్తింపజేయవచ్చు.

పొగతాగేవారు 100 మంది ఉన్న పల్లెను ఊహించండి. ఒకరి గడప సున్నా, అంటే ఎవరూ మానకపోయినా ఆయన మానేస్తారు. మరొకరిది 1, ఇంకొకరిది 2, అలా చివరి వ్యక్తిది 99. మొదటివారు మానగానే రెండోవారికి కావలసిన తోడు దొరుకుతుంది, ఆ ఇద్దరినీ చూసి మూడోవారు మానతారు, చివరికి 100 మందీ మానేస్తారు. ఇప్పుడు గడప 1 ఉన్న వ్యక్తి గడపను 2 చేసి, మిగిలినవన్నీ అలాగే ఉంచండి. మొదటివారు మానేస్తారు, ఒక్కరిని చూసి మానేవారు లేరు కాబట్టి కథ అక్కడే ఆగిపోతుంది, 99 మంది కాలుస్తూనే ఉంటారు. మొదటి పల్లె గడపల సగటు 49.5, రెండోదానిది 49.51. ఏ సర్వే చేసినా ఆ రెండు పల్లెల ఆలోచనలూ ఒక్కటేనని తేలుతుంది.

లెక్క ఇంకా ముందుకు వెళుతుంది. రెండో పల్లెలో మిగిలిన 99 మందిలో ఎవరైనా సరే, ఒక్కరు బేషరతుగా మానేస్తే చాలు. మానినవారు ఇద్దరవుతారు, గడప 2 ఉన్నవారు కదులుతారు, ఆ తరువాత ఎక్కడా ఆగకుండా ఊరంతా మానేస్తుంది. గడపలు ఇంత వరుసగా కాక, 25 సగటుగా గంట ఆకారపు వక్రరేఖలో (ఎక్కువమంది సగటుకు దగ్గరగా, దూరం వెళ్లేకొద్దీ తక్కువమంది) పరుచుకుని ఉంటే ఏమవుతుందో కూడా గ్రనోవెటర్ లెక్కించారు. 100 మంది గుంపులో ప్రామాణిక విచలనం, అంటే గడపలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో తెలిపే కొలత, సుమారు 12.2కు చేరేవరకు మహా అయితే ఆరుగురి దగ్గరే చలనం ఆగిపోతుంది. దాన్ని దాటగానే దాదాపు అందరికీ పాకుతుంది.

అసలు చిక్కు ఏమిటంటే, గడపను దాటించేది కంటికి కనిపించినవారి సంఖ్య మాత్రమే. పొగతాగేవాడు దూరం నుంచే తెలుస్తాడు. మానేసినవాడు చేసే పనేమీ లేదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాడు. అందుకే "ఇంతమంది కాలుస్తున్నారు" అని బాధతో చెప్పే పాఠాలూ గోడపత్రికలూ నాకు ఆందోళన కలిగిస్తాయి. అమెరికాలోని అరిజోనాలో, రాళ్లుగా మారిన ప్రాచీన వృక్షాలున్న జాతీయ ఉద్యానంలో మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీని బృందం ఒక పరీక్ష జరిపింది. గతంలో చాలామంది సందర్శకులు శిలాముక్కలు తీసుకుపోయారని వాపోయే ఫలకం పెట్టినప్పుడు, దారిలో ఉంచిన ముక్కల్లో సుమారు 8 శాతం మాయమయ్యాయి. తీయవద్దని మాత్రమే కోరినప్పుడు పోయినవి 2 శాతం లోపే. చెడు ఎంత విస్తారంగా ఉందో చెబితే అదే మామూలు అని చెప్పినట్టవుతుంది.

గడప మనసులోనే ఉండదు, మెదడు రసాయనంలోనూ ఉంటుంది. పీల్చిన నికోటిన్ సుమారు 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరి, అక్కడి నాడీకణాలపై సంకేతాలను అందుకునే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలకు అంటుకుంటుంది, హాయి భావనతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. అలవాటు సాగేకొద్దీ ఆ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. రక్తంలోని నికోటిన్ సగానికి తగ్గడానికి పట్టే సమయం దాదాపు 2 గంటలే కాబట్టి వెలితి త్వరగా మొదలై, మానిన తొలి వారంలో తీవ్రంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లో పక్కవాడు చాచే పెట్టె గడపను మరింత ఎత్తు చేస్తుంది. 

చిక్కటి అల్లికగా ఉండే పల్లె సంబంధాలు పొగను నిలబెడతాయన్నది నిజమే. మానడాన్ని వేగంగా మోసుకుపోగలిగేదీ ఆ అల్లికే. సామాజిక శాస్త్రవేత్త డేమన్ సెంటోలా 2010లో ప్రచురించిన ఆన్‌లైన్ ప్రయోగంలో, ఒకరి స్నేహితులు మరొకరికీ స్నేహితులుగా ఉండే అల్లికలో కొత్త ఆరోగ్య అలవాటు సుమారు 54 శాతం మందికి చేరింది. చెల్లాచెదురు సంబంధాలున్న అల్లికలో 38 శాతం మందికే చేరింది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాలుగా సాగుతున్న హృదయారోగ్య అధ్యయనంలోని 12,067 మందిని 1971 నుంచి 2003 వరకు పరిశీలించిన పరిశోధకులు క్రిస్టాకిస్, ఫౌలర్‌లకు, జీవిత భాగస్వామి మానితే మనిషి పొగతాగే అవకాశం 67 శాతం, స్నేహితుడు మానితే 36 శాతం తగ్గినట్టు కనిపించింది. ఒకరికొకరు తెలిసినవారు గుంపులు గుంపులుగా దాదాపు ఒకే కాలంలో మానేశారు. కనుక ఊరి నలుమూలల నుంచి ఒక్కొక్కరిని ఎంచి మాన్పించే కార్యక్రమం కంటే, రోజూ ఒకే నీడకు చేరే ఆ నలుగురికీ ఒకే వారంలో చికిత్స మొదలుపెట్టే కార్యక్రమం ఎక్కువ గడపలను దాటిస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.