ఒక ఊరు, ఒక బెటాలియన్: అక్రింగ్టన్ పాల్స్ నేపథ్యం

మొదటి ప్రపంచయుద్ధంలో ప్రతి బ్రిటిష్ బెటాలియన్‌కీ, అంటే సుమారు వెయ్యిమంది సైనికుల దళానికి, ఒక యుద్ధ డైరీ ఉండేది. ఏ రోజు ఎక్కడున్నారు, ఏం పని చేశారు, ఎవరు పోయారు అన్నది అందులో ఎక్కించాలి. ఆఫీసరు చనిపోతే పేరు రాసేవారు. సిపాయి చనిపోతే మామూలుగా పేరు ఉండదు, 'ఇతర ర్యాంకులు' అని పక్కన ఒక అంకె ఉంటుంది. పెద్ద దాడులేమీ లేని రోజుల్లో ఇలా పోయేవాళ్లను సైన్యం లెక్కల్లో 'వేస్టేజ్' అనేవారు. బంగారం పనిలో, ధాన్యం తూకంలో మనం తరుగు అంటామే, అలాంటి మాట. మనుషులకు ఆ మాట వాడటం చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. కొన్ని బెటాలియన్లలోనైతే ఆ అంకెల్లో ఉన్నది ఒకే ఊరివాళ్లు, ఒకే వీధివాళ్లు, ఒకే తల్లి పిల్లలు. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే 1914 ఆగస్టుకి వెళ్లాలి.

యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ లేదు. ఉన్న సైన్యం చిన్నది, అందులోనూ చాలా బెటాలియన్లు ఇండియాలో, ఇతర వలసల్లో ఉన్నాయి. యుద్ధ మంత్రి కిచెనర్ లక్షలమంది స్వచ్ఛందంగా చేరాలని పిలుపునిచ్చాడు. ఒంటరిగా వెళ్లి తెలియనివాళ్ల మధ్య పడటానికి జంకే కుర్రాళ్లు నేస్తాలతో కలిసి అయితే వస్తారన్న ఆలోచన అప్పుడే పుట్టింది. ఆగస్టు చివర్లో లివర్‌పూల్ సభలో ఆ ప్రాంతపు పెద్ద జమీందారు లార్డ్ డెర్బీ దానికి 'పాల్స్', అంటే నేస్తాలు, అని పేరు పెట్టాడు. కలిసి చేరండి, కలిసే పోరాడతారు అన్నది ఆ మాట. ఊళ్లకు ఊళ్లు కదిలాయి. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, షెఫీల్డ్, బార్న్‌స్లీ, ఇంకా ఎన్నో.

అక్రింగ్టన్ వీటి పక్కన చాలా చిన్న ఊరు. ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న లాంకషైర్‌లో జనాభా సుమారు 45 వేలున్న నేత మిల్లుల పట్టణం. స్వదేశీ ఉద్యమంలో మనవాళ్లు తగలబెట్టిన సీమ గుడ్డ చాలావరకు ఆ లాంకషైర్ మిల్లులదే. 1914లో ఆ మిల్లులకు గిరాకీ పడిపోయింది. ఊళ్లోని పెద్ద యంత్రాల ఫ్యాక్టరీలో జీతాల గొడవతో వేలమంది పనిలేక కూర్చున్నారు. చేరినవాళ్లలో దేశభక్తి ఎంత, ఇంట్లో పొయ్యి వెలగాలన్న ఆరాటం ఎంత అని విడదీయడం న్యాయం కాదు, రెండూ ఉన్నాయి. మేయర్ జాన్ హార్వుడ్ మొత్తం బెటాలియన్‌ను తామే ఇస్తామని ముందుకొచ్చారు. సెప్టెంబరు 14న పేర్లు రాయడం మొదలైతే పది రోజుల్లో సుమారు 1,100 మంది తేలారు. సగం మంది అక్రింగ్టన్ వాళ్లు, మిగతావాళ్లు బర్న్‌లీ, చోర్లీ, బ్లాక్‌బర్న్ వైపు వాళ్లు. సైన్యం పుస్తకాల్లో పేరు 11వ బెటాలియన్, ఈస్ట్ లాంకషైర్ రెజిమెంట్. జనం నోట మాత్రం అక్రింగ్టన్ పాల్స్.

ఏడాదికి పైగా శిక్షణ, 1915 చివర్లో ఈజిప్టు ప్రయాణం, సూయెజ్ కాలువ కాపలా. 1916 మార్చిలో ఫ్రాన్స్ చేరారు.

కందకాల్లో జీవితం గురించి చదివితే ఆశ్చర్యం కలిగేది, తుపాకీ పేల్చిన సమయం చాలా తక్కువ. తెల్లవారకముందే అందరూ ఆయుధాలతో గోడ వెంబడి నిలబడాలి, దాడికి వీలైన వేళ అది. పొద్దు పొడిచాక కాస్త రమ్ము, తర్వాత తుపాకులు శుభ్రం చేసుకోవడం, టీ. తిండి డబ్బా మాంసం, పళ్లు విరిగేంత గట్టి బిస్కెట్లు, జామ్. నీళ్లు పెట్రోలు డబ్బాల్లో మోసుకొచ్చేవారు కాబట్టి టీకి కూడా పెట్రోలు వాసన. పగలు తల పైకెత్తితే స్నైపర్ కాచుకుని ఉంటాడు. అందుకే అసలు పని రాత్రి: ముళ్లకంచె సరిచేయడం, కూలిన గోడ ఎత్తడం, నీళ్లూ మందుగుండూ మోయడం. చొక్కా కుట్లలో పేలు, కాళ్ల దగ్గర ఎలుకలు. తడి బూట్లలో పాదాలు కుళ్లిపోకుండా తిమింగలం నూనె రాసుకోవాలి. కొన్ని రోజులు ముందు వరుసలో, కొన్ని రోజులు వెనక. 'విశ్రాంతి' అని పేరే గానీ అక్కడా మోతలూ తవ్వకాలూ తప్పవు. ఇంటికి రాసే ఉత్తరాన్ని సొంత ప్లటూన్ ఆఫీసరే చదివి కొట్టివేతలు చేసి పంపేవాడు. ఈ మామూలు రోజుల్లోనే ఒక షెల్ పడేది, డైరీలో ఒక అంకె పెరిగేది.

జూలై 1, 1916. ఉత్తర ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదటి రోజు. పాల్స్ ముందున్నది సేర్ అనే గ్రామం, మెరక మీద. వారం రోజులు ఫిరంగులు మోగాయి కాబట్టి అక్కడ ఎవరూ మిగిలి ఉండరని సైనికులకు చెప్పారు. కానీ జర్మన్లు భూమిలో లోతుగా తవ్విన గదుల్లో బతికే ఉన్నారు. ముళ్లకంచె చాలాచోట్ల తెగలేదు. 7:20కి మొదటి వరుస కందకం దాటి, రెండు సైన్యాల మధ్య ఉన్న ఖాళీ నేల మీద పడుకుంది. 7:30కి లేచి నడిచారు. మెషిన్‌గన్లు ఎదురునుంచీ పక్కనుంచీ కోశాయి. దాడికి వెళ్లిన సుమారు 720 మందిలో 584 మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా కనిపించకుండా పోయారు. చాలావరకు మొదటి అరగంటలోనే. కమాండింగ్ ఆఫీసర్ రిక్‌మన్ కూడా ఆ రోజే గాయపడ్డాడు. ఆ ఒక్కరోజు బ్రిటిష్ సైన్యం మొత్తం నష్టం 57,470, అందులో మృతులు 19,240.

ఊళ్లో మొదట వచ్చినవి విజయ వార్తలు. తర్వాత గాయపడి ఇంగ్లండ్ ఆసుపత్రులకు చేరినవాళ్ల ఉత్తరాలు వచ్చాయి. ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి మాట పాకింది. నిజం చెప్పమని జనం మేయర్ ఇంటిని చుట్టుముట్టారు. చనిపోయింది ఆఫీసరైతే ఇంటికి టెలిగ్రామ్ వస్తుంది, సిపాయి అయితే ఖాళీలు పూరించిన ఒక ఫారం పోస్టులో వస్తుంది. అందుకే వాకిలి ముందు పోస్ట్‌మ్యాన్ ఆగితే ఆ ఇంటికే కాదు, వీధి మొత్తానికీ ఊపిరి ఆగేది. స్థానిక పత్రిక వారాల తరబడి ఫొటోలు వేసింది.

నేస్తాలు కలిసే ఉంటారన్న మాట మంచి మనసుతోనే ఇచ్చి ఉండవచ్చు. కానీ ఒక బెటాలియన్ తుడిచిపెట్టుకుపోతే ఆ దెబ్బంతా ఒక్క ఊరి మీదే పడుతుందని పై అధికారులు ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది. 1916 జనవరిలోనే నిర్బంధ సేవ చట్టం వచ్చింది. సోమ్ తర్వాత ఖాళీలు ఎక్కడెక్కడివాళ్లతోనో నింపారు. పేరు అక్రింగ్టన్‌దే, మనుషులు మాత్రం వేరే ఊళ్లవాళ్లు.

'కనిపించడం లేదు' అన్న ఫారం అందుకున్న ఇళ్లు ఇంకా నెలల తరబడి ఎదురుచూశాయి. 1917 ఫిబ్రవరిలో జర్మన్లు సేర్ వదిలి వెనక్కి వెళ్లాక గానీ ఆ నేల మీద వెతకడం కుదరలేదు. ఆ వసంతంలో చెట్ల తోపుల పక్కన చిన్న చిన్న శ్మశానాలు తవ్వి, దొరికినవాళ్లను దొరికినచోటికి దగ్గర్లోనే పూడ్చారు. చాలా సమాధుల మీద రాయడానికి పేరు దొరకలేదు.