'చరిత్రలో ఈ రోజు': నాకు తరచూ ఎదురయ్యే అపోహలు, అసలు వాస్తవాలు

కర్నూలులో పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం రోజూ 'చరిత్రలో ఈ రోజు' రాస్తుంటాను. ఫోన్లలో తిరిగే తప్పులు చూస్తే ఊరుకోబుద్ధి కాదు, అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: నవంబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

రెండు తేదీలను కలిపేశారు. మద్రాసు నుంచి విడిపోయి, కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది, రాజధాని అక్కడికి పోయింది 1956 నవంబరు 1న. మూడేళ్లు రాజధానిగా ఉన్న ఊరి పిల్లలే దీన్ని తప్పు రాస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: 1800 అక్టోబరు 12న సీమ అంతా ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వెళ్లింది.

సీమను కంపెనీకి ఇచ్చేస్తూ ఆ రోజు నిజాం ఒప్పందం చేసుకున్న మాట నిజం. కడప, అనంతపురం వైపు ఆ మార్పు వెంటనే వచ్చింది. కర్నూలులో మాత్రం నవాబులు కప్పం కడుతూ 1839 దాకా ఏలారు, గులాం రసూల్ ఖాన్‌ను దించేశాకే కంపెనీ నేరుగా చేతిలోకి తీసుకుంది.

అపోహ: శాసనంలో తేదీ ఉంటే ఎత్తి రాసుకోవడమే కదా.

కాదండీ, అసలు పని అక్కడే మొదలవుతుంది. శాసనంలో మామూలుగా ఉండేది శక సంవత్సరం, ప్రభవ, విభవ లాంటి సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం. శకానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందంటారు గానీ, పుష్య మాఘాలు వచ్చేసరికి చాలాసార్లు 79 కలపాలి, పైగా అది గడిచిన శకమా (పూర్తయిన ఏళ్ల లెక్క), నడుస్తున్న శకమా (జరుగుతున్న ఏడాదినీ కలిపిన లెక్క) అన్నదాన్ని బట్టి ఏకంగా ఏడాది తేడా వచ్చేస్తుంది. అప్పుడు కాపాడేది వారమే. తిథి, వారం రెండూ పంచాంగం లెక్కకు సరిపోతేనే ఆ తేదీని నమ్ముతాను. తుమకూరు జిల్లా హొన్నేనహళ్లి శాసనం వల్ల శ్రీకృష్ణదేవరాయలు మరణించిన రోజు 1529 అక్టోబరు 17, ఆదివారం అని తేలింది, ఆ తేదీకి ఆదివారమే వస్తుంది. కాకపోతే అది పాత జూలియన్ క్యాలెండర్ తేదీ. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ 1582లో గానీ రాలేదు, దాని ప్రకారం లెక్కేస్తే అది అక్టోబరు 27 అవుతుంది. కాబట్టి రెండు చోట్ల రెండు తేదీలు కనిపిస్తే ఒకటి అబద్ధమని కొట్టేయకండి, ముందు ఏ క్యాలెండరో చూడండి.

అపోహ: ప్రతి ఘటనకూ ఒక తేదీ ఉండి తీరుతుంది.

తొలి తెలుగు శాసనంగా చెప్పుకునే కడప జిల్లా కలమళ్ల శాసనం ఏ రోజు వేయించారని చాలామంది అడుగుతుంటారు. అందులో తేదీయే లేదు. లిపిని బట్టి క్రీ.శ. 575 ప్రాంతమని పండితులు చెప్పారు, అంతకుమించి చెప్పలేం. వేమన సంగతీ ఇంతే, ఆయన ఏ శతాబ్దం వాడన్నదాని మీదే వాదనలున్నాయి. జనవరి 19 ప్రభుత్వం జయంతి జరిపే రోజు, అందుకే ఆ రోజు 'వేమన జయంతి' అని రాస్తాను గానీ 'వేమన పుట్టిన రోజు' అని రాయను.