పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబర్ ఇంటికెందుకు రాలేదు? పల్లె ఇంటర్నెట్ మీద అపోహలు - వాస్తవాలు

ఊళ్లో ఇంటర్నెట్ ప్రస్తావన వస్తే సర్పంచ్ నుంచి కేబుల్ ఆపరేటర్ దాకా అందరి నోటా వినిపించే మాటలు కొన్నున్నాయి. వాటిలో కొంత నిజం, కొంత పొరపాటు. కష్టపడి లాగిన లైను ఏడాది తిరక్కుండానే మూలనపడటానికి చాలాసార్లు ఆ పొరపాటు భాగమే కారణం. పంచాయతీ వాళ్లకు, చిన్న ఆపరేటర్లకు, కనెక్షన్ కోసం తిరుగుతున్నవాళ్లకు పనికొస్తాయనిపించిన సంగతులు ఇవి.

అపోహ: భారత్‌నెట్ వచ్చింది కాబట్టి ఊరికి ఇంటర్నెట్ వచ్చేసినట్టే

2011 అక్టోబర్‌లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో ఆమోదం పొంది, 2015లో భారత్‌నెట్‌గా పేరు మారిన ఈ పథకం పెట్టుకున్న పని, బ్లాకు స్థాయి నుంచి గ్రామ పంచాయతీ దాకా ఫైబర్ చేర్చడం. పంచాయతీ ఆఫీసు గోడకు ఒక పెట్టె, అందులో ఓఎన్‌టీ (ఫైబర్‌లో వచ్చే కాంతిని ఇంటర్నెట్ సిగ్నల్‌గా మార్చే పరికరం), పక్కన బ్యాటరీ, కొన్నిచోట్ల పైన సోలార్ పలక ఉంటాయి. మొదట వేసుకున్న లెక్కలో పెద్ద పని అక్కడితో అయిపోయింది. అక్కడి నుంచి బ్యాండ్‌విడ్త్ ఎవరు కొంటారు, వీధుల్లో తీగ ఎవరు లాగుతారు, నెలనెలా డబ్బు ఎవరు వసూలు చేస్తారు, తెగితే ఎవరు అతికిస్తారు అన్నవి తేలకపోతే ఆ పెట్టె బూజు పట్టిపోతుంది.

ఇంకో లోపం లైను వేసిన తీరులోనే ఉంది. తొలి దశలో చాలాచోట్ల లైను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వరసగా పోయింది. మధ్యలో తెగితే ఆ తర్వాతి ఊళ్లన్నీ చీకటే. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన కార్యక్రమంలో రింగు పద్ధతి పెట్టింది అందుకే: ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి ట్రాఫిక్ వస్తుంది. అయితే రింగు రెండు చేతులూ వేర్వేరు దారుల్లో పోవాలి. ఒకే కాలువలో, ఒకే కేబుల్‌లో రెండు పోగులు వాడి దాన్ని రింగు అంటే కాగితం మీద బాగానే ఉంటుంది. జేసీబీకి మాత్రం రెండూ ఒకే దెబ్బకు దొరుకుతాయి.

మీ పంచాయతీలో అడగాల్సినవి నాలుగే. ఓఎన్‌టీ మీద పాన్ లైటు (ఫైబర్ లింకు అందుతోందని చూపే దీపం) ఇవాళ నిలకడగా వెలుగుతోందా? ఆ కేబుల్‌లో ఖాళీ పోగులు ఎన్ని, వాటిని అద్దెకు ఎవరిస్తారు? బ్యాటరీ వేసి ఎన్నేళ్లయింది? సాయంత్రం ఆఫీసుకు తాళం వేసేటప్పుడు మెయిన్ స్విచ్ కూడా ఆపేస్తున్నారా? చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రోజూ సాయంత్రం పోయి పొద్దున వచ్చే నెట్‌కు మొదట అనుమానించాల్సింది దాన్నే.

అపోహ: స్తంభాల మీద వేస్తే నాసిరకం, భూమిలో వేస్తేనే గట్టి

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల దారి పట్టింది. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాలను వాడుకుంది. రెండింటికీ లెక్క ఒకటే, విడిగా తవ్వే ఖర్చు మిగుల్చుకోవడం. ఏ దారి పట్టినా దాని తెగుళ్లు దానికుంటాయి.

భూమిలో అయితే బీఎస్‌ఎన్‌ఎల్ ప్రమాణం 1.65 మీటర్ల లోతు, 40 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గొట్టం. రాతినేల తగిలిన చోట లోతు తగ్గిస్తారు. అక్కడ ఇనుప గొట్టమో కాంక్రీటో రక్షణగా పడాలి, అది ఎగ్గొట్టిన చోటే మురుగుకాలువ తవ్వేటప్పుడు లైను తెగుతుంది. తవ్వేవాళ్లు ముందే చెప్పేందుకు కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. రోడ్డు కాంట్రాక్టరు దాన్ని వాడేలా పంచాయతీ పట్టుబట్టాలి.

స్తంభాల మీద వేసేది ఏడీఎస్ఎస్ రకం, అంటే తన బరువు తానే మోసుకునే కేబుల్. అందులో లోహం ఉండదు కాబట్టి కరెంటు తీగల పక్కన పోయినా భయం లేదు. దానికి శత్రువులు వేరే: రోడ్డు దాటే చోట ఎత్తుగా గడ్డి వేసుకొచ్చే లారీలు, కోతులు, చెరకు ఆకుకు పెట్టే మంట, స్తంభం మార్చినప్పుడు కేబుల్‌ను కిందే వదిలేసి పోయే సిబ్బంది. కానీ తెగిన చోటు కంటికి కనిపిస్తుంది, నిచ్చెన ఉంటే బాగుచేయవచ్చు. మా ఓటు చిన్న ఊళ్లలో స్తంభాలకే, ఒక షరతు మీద: అక్కడక్కడా స్తంభం దగ్గర 10-15 మీటర్ల లూపు చుట్టి వదలాలి. లూపు ఉంటే తెగినచోటికి కేబుల్ జరిపి ఒక్క జాయింటుతో సరిపెట్టవచ్చు. లేకపోతే మధ్యలో కొత్త ముక్క వేసి రెండు జాయింట్లు కట్టాలి.

అపోహ: లైటు వస్తోంది కదా, ఎన్ని ఇళ్లకైనా పంచొచ్చు

పల్లె నెట్‌వర్కులు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా.

జీపాన్‌లో, అంటే ఒకే పోగులోని కాంతిని చాలా ఇళ్లకు పంచే పద్ధతిలో, ఒక పోర్టు నుంచి కిందికి 2.488 జీబీపీఎస్, పైకి 1.244 జీబీపీఎస్. కిందికి 1490 నానోమీటర్ల కాంతి, పైకి 1310. మామూలుగా వాడే బీ ప్లస్ తరగతి మాడ్యూల్‌కు దారిలో పోగొట్టుకోగలిగిన కాంతి మొత్తం 28 డీబీ. (డీబీ కాంతి నష్టానికి కొలత, డీబీఎం కాంతి బలానికి కొలత; మైనస్ అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్టు.) ఇంట్లో ఓఎన్‌టీ మైనస్ 27 డీబీఎం దాకా చదవగలదు, మైనస్ 8 కంటే ఎక్కువ కాంతి పడితే దానికీ కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఇప్పుడు ఒక ఊరి లెక్క. ఓఎల్‌టీ (ఆపరేటర్ వైపు నుంచి కాంతి పంపే పరికరం) నుంచి ప్లస్ 3 డీబీఎం బయల్దేరింది. ఊరు 6 కి.మీ. దూరం, కి.మీ.కు 0.25 చొప్పున 1.5 డీబీ పోయింది. మొదటి 1:4 స్ప్లిట్టర్ (ఒక పోగు కాంతిని నాలుగుగా పంచేది) దగ్గర 7.2, వీధిలో 1:8 దగ్గర 10.5. నాలుగు కనెక్టర్లకు 0.4 చొప్పున 1.6, ఎనిమిది స్ప్లైసులకు (పోగుల అతుకులకు) 0.1 చొప్పున 0.8. మొత్తం 21.6 పోతే ఇంట్లో మైనస్ 18.6. హాయిగా ఉంది.

పక్క సందులో మూడిళ్లు అడిగాయని ఎవరో ఒక కొసకు ఇంకో 1:4 తగిలించారు. ఆ ఇళ్లలో మైనస్ 25.8. ఇన్‌స్టాల్ చేసిన రోజు పనిచేస్తుంది, ఫొటో తీసి పంపిస్తారు. వానాకాలంలో జాయింట్ పెట్టెలోకి నీరు చేరినా, తలుపు సందులో తీగ నలిగినా రెండు డీబీ పోయి, కాంతి అందట్లేదని చెప్పే ఎర్ర లైటు ఓఎన్‌టీ మీద వెలుగుతుంది. అందుకే మైనస్ 15 నుంచి 23 మధ్య ఉంటేనే కనెక్షన్ ఇవ్వండి. 25 దాటితే పనిచేస్తున్నా సరే వెనక్కి వెళ్లి లోపం వెతకండి.

రోడ్డు వెంట పొడుగ్గా సాగిన ఊళ్లలో మన కేబుల్ ఆపరేటర్లు 90:10, 80:20 కప్లర్లు (కాంతిని ఆ నిష్పత్తిలో రెండుగా విడదీసేవి) వరసగా వేస్తారు. పద్ధతి మంచిదే. 90 కొసకు సుమారు 0.7 డీబీ, 10 కొసకు 10.5 పోతుంది. మొదట 90:10తో మొదలుపెట్టి, దూరం పోయేకొద్దీ 80:20, 70:30గా మార్చాలి. అన్నిచోట్లా ఒకటే వేస్తే చివరి ఇళ్లకు కాంతి సరిగ్గా పంపిణీ కాదు. ఇంకో తిరకాసు: కేబుల్ టీవీ కోసం 1310, 1550లకు మాత్రమే చేసిన పాత కప్లర్లు 1490 దగ్గర అదే నిష్పత్తి ఇస్తాయన్న నమ్మకం లేదు. పవర్ మీటర్‌ను 1490కి పెట్టి కొలిచాకే పెట్టెలో అమర్చండి.

స్ప్లైసింగ్ మెషీన్ లక్షలు పోసి కొని, కొస తుడవడానికి చొక్కా వాడే అలవాటు ఒకటుంది. కనెక్టర్ మీద కంటికి కనిపించని దుమ్ము ఒకటి రెండు డీబీ తినేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని కాగితం, లేదా నొక్కితే తుడిచే పెన్ను కొనండి. పచ్చ రంగు ఏపీసీ కనెక్టర్‌ను నీలం రంగు యూపీసీలో దూర్చకండి. పచ్చదాని కొస 8 డిగ్రీల వాలుగా ఉంటుంది కాబట్టి మధ్యలో గాలి సందు మిగిలి కాంతి చాలా డీబీలు పడిపోతుంది. ఇంట్లోకి వచ్చే డ్రాప్ వైరు, వంపును బాగా తట్టుకునే జీ.657 రకమైనా, 7.5-10 మిల్లీమీటర్ల కంటే చిన్న వ్యాసార్ధపు వంపు తట్టుకోదు, మేకు చుట్టూ ముడి వేయకండి. వంపు వల్ల పోతోందా, అతుకు వల్లా అన్నది ఓటీడీఆర్‌లో (పోగులో లోపం ఎంత దూరంలో ఉందో చూపే పరికరంలో) తెలుస్తుంది: 1310 కంటే 1550లో నష్టం బాగా ఎక్కువ కనిపిస్తే అది వంపే. ఓటీడీఆర్ చూపే దూరం పోగు పొడవు. లూపులు, వేలాడే భాగం అందులో కలిసి ఉంటాయి కాబట్టి అది 3.2 కి.మీ. అంటే రోడ్డు మీద అంతకంటే ముందే వెతకాలి. కొసలోకి కంటితో చూడొద్దు, ఆ కాంతి కనిపించదు గానీ కంటిని చెడగొట్టగలదు.

అపోహ: 100 ఎంబీపీఎస్ అన్నారు, ఫోన్‌లో 40 వస్తోంది, ఇది మోసం

కావచ్చు, కాకపోవచ్చు. ముందు ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో ఓఎన్‌టీకి కలిపి కొలవండి. అక్కడ 95 వస్తే ఆపరేటర్ తప్పు లేదు, అడ్డు వైఫై దగ్గర ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లు తప్ప మిగతావి ఒకదాని మీద ఒకటి పడతాయి. మందపాటి రాతిగోడలు, పైన ఇనుప రేకులు ఉన్న ఇంట్లో ఒక మూల పెట్టిన రూటర్ రెండో గదికి అందకపోవడంలో వింత లేదు. 200 ఎంబీపీఎస్ ప్లాన్ కొన్నా తీగలో 95 దగ్గరే ఆగిపోతే ఓఎన్‌టీ పోర్టు 100 ఎంబీపీఎస్‌దన్నమాట, లేదా ల్యాన్ తీగలో నాలుగు జతల్లో ఒకటి తెగి ఉంటుంది. డౌన్‌లోడ్ అంకె ‘ఎంబీ’ల్లో కనిపిస్తే 8తో గుణించుకోండి.

పొద్దున 95 వచ్చి రాత్రి తొమ్మిదింటికి 8 వస్తే మాత్రం ఆపరేటర్‌ను నిలదీయాల్సిందే. రెండు వందల ఇళ్ల ఊరికి రాత్రి రద్దీలో ఇంటికి సగటున 2-3 ఎంబీపీఎస్ చొప్పున సుమారు 500 ఎంబీపీఎస్ కావాలి. ప్రతి ఇంటికీ ప్లాన్‌లోని పూర్తి వేగం విడిగా కొని పెట్టేవాడు ఎక్కడా ఉండడు, అది తప్పూ కాదు. కానీ అంత ఊరికి వెనక 100 ఎంబీపీఎస్ లైను పెట్టుకుని వంద ఎంబీపీఎస్ ప్లాన్లు అమ్మడం తప్పే. ట్రాఫిక్ గ్రాఫ్ చూపించమనండి. రాత్రిపూట గీత కొండలా లేచి పడుతుంటే బాగున్నట్టు, పైన కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే బ్యాండ్‌విడ్త్ నిండిపోయినట్టు. 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్ ఉన్నా నిబంధనల ప్రకారం బ్రాడ్‌బ్యాండే, కాబట్టి ఆ పేరు చూసి మురిసిపోకండి.

అపోహ: 5జీ టవర్ వస్తే ఫైబర్ అక్కర్లేదు

టవర్ వెనక ఏముందో అడగండి. ఫైబర్ లేకుండా మైక్రోవేవ్ గిన్నె మీద నడిచే టవర్‌కు ఆ లింకు ఎంతిస్తే అంతే. 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వేగం ఇస్తుంది గానీ దూరం పోదు. 700 మెగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, అయితే 2022 వేలంలో దాన్ని కొన్న జియోకు అందులో వచ్చింది 10 మెగాహెర్ట్జ్ జతే, కాబట్టి పంచుకునే వేగం తక్కువ. సిగ్నలే లేని ఊళ్లకు 2022 జులైలో ఆమోదించిన 4జీ శాచురేషన్ లాంటి పథకం కచ్చితంగా మేలే. ఇరవై ఇళ్లలో ఒకేసారి ఆన్‌లైన్ క్లాసు నడపడానికి మాత్రం అది చాలదు.

అపోహ: కొండ ఊళ్లకు ఉపగ్రహమే దిక్కు

పాడేరు, చింతూరు వైపు గానీ నల్లమలలో గానీ ఫైబర్ ఆగిపోయిన చోటు నుంచి ఎదురుగా ఊరు కనిపిస్తుంటే, 5 గిగాహెర్ట్జ్ రేడియో జత చాలా చవకలో పనిచేస్తుంది. 2018 అక్టోబర్ నోటిఫికేషన్ తర్వాత ఈ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా, శక్తి పరిమితులకు లోబడి వాడుకోవచ్చు.

ఎదురు గిన్నె కనిపిస్తే చాలనుకోవడమే ఇక్కడ దెబ్బ. 5.8 గిగాహెర్ట్జ్‌లో 5 కి.మీ. లింకుకు మధ్యలో ఫ్రెనెల్ జోన్ (రేడియో తరంగం పరుచుకుని పోయే చోటు) వ్యాసార్ధం సుమారు 8 మీటర్లు, అందులో కనీసం 60 శాతం, అంటే 4.8 మీటర్లు, చూపుగీత చుట్టూ ఖాళీగా ఉండాలి. దూరం పది కి.మీ.కు పెరిగితే 11.4 మీటర్లు, ఖాళీ 6.8. వేసవిలో ఆకురాలిన అడవిలో కట్టిన లింకు వానల తర్వాత చిగురు వచ్చాక పడిపోతుంది. సర్వే ఆకు దట్టంగా ఉన్నప్పుడే చేయండి.

ఏ దారీ లేని చోట ఉపగ్రహం సరే. 35,786 కి.మీ. ఎత్తులో నిలిచే వాటితో మాట పోయి రావడానికి అర సెకను పైనే పడుతుంది. వీడియో పాఠం చూడొచ్చు గానీ వీడియో కాల్ తడబడుతుంది. సుమారు 550 కి.మీ. ఎత్తున తిరిగే వాటికి ఆ బాధ లేదు, ఆకాశం నాలుగువైపులా తెరిచి ఉంటే చాలు. అయితే ఒక డిష్ ఒక ఇంటికి కాకుండా బడికో ఆరోగ్య కేంద్రానికో పెట్టి పంచితేనే ఖర్చు గిడుతుంది.

అపోహ: ఒక కనెక్షన్ తీసుకుని వీధంతా పంచి డబ్బు తీసుకోవచ్చు

ఇంటి కనెక్షన్‌ను అలా అమ్మకూడదు, దాని మీద ఎవరేం చేసినా లెక్కలో ఉండేది మీ పేరే. 2020 డిసెంబర్‌లో వచ్చిన పీఎం-వాణి పద్ధతిలో కిరాణా కొట్టువాళ్లు కూడా పీడీఓగా (పబ్లిక్ డేటా ఆఫీసుగా) వైఫై అమ్మవచ్చు, లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ ఫీజు గానీ లేదు. ఒక పీడీఓఏతో (పీడీఓలను కలిపి నడిపే సంస్థతో) ఒప్పందం, దానికి సరిపోయే యాక్సెస్ పాయింట్ ఉండాలి. ఇంటింటికీ తీగ లాగి అమ్మాలంటే మాత్రం ఐఎస్‌పీ (ఇంటర్నెట్ సేవల సంస్థ) లైసెన్సు ఉండాలి, లేదా లైసెన్సున్న సంస్థకు భాగస్వామి కావాలి.

అపోహ: కరెంటు పోతే నెట్ పోవడం మామూలే

స్ప్లిట్టర్లకు కరెంటు అక్కర్లేదు. కావాల్సింది రెండు కొసల్లో మాత్రమే. ఓఎల్‌టీ, స్విచ్ కలిపి సుమారు 100 వాట్లు అనుకుంటే, 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో సగమే వాడుకుని, ఇన్వర్టర్ నష్టం తీసేస్తే ఏడున్నర గంటలు వస్తుంది. ఇంకా దిగజార్చి వాడితే సీసం బ్యాటరీ త్వరగా చస్తుంది. ఇంట్లో 10 వాట్ల ఓఎన్‌టీకి 8,800 ఎంఏహెచ్ మినీ యూపీఎస్ రెండున్నర గంటలు నడిపిస్తుంది. ఆ అంకె 3.7 వోల్టుల సెల్లుది, 12 వోల్టులది కాదు కాబట్టి డబ్బా మీద రాసిన గంటలు నమ్మకండి. కొనేముందు ఓఎన్‌టీ అడాప్టర్ మీద 1 ఆంపియరా 2 ఆంపియర్లా చూసుకోండి, యూపీఎస్ అంతకంటే తక్కువిస్తే రూటర్ పదే పదే రీస్టార్ట్ అవుతుంది.

ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ రావట్లేదు’ అనకుండా మూడు సంగతులు చెప్పండి: ఎర్ర లైటు వెలుగుతోందా, పాన్ లైటు ఆగి ఆగి మినుకుతోందా, పక్కింట్లో ఉందా. ఎర్ర లైటు మీ ఇంట్లో ఒక్కదానికే ఉంటే డ్రాప్ వైరు, వీధంతా ఉంటే స్ప్లిట్టర్ పెట్టె, ఊరంతా ఉంటే మెయిన్ కేబుల్ లేదా ఓఎల్‌టీ. లైట్లన్నీ బాగుండి పేజీ తెరుచుకోకపోతే నిచ్చెన పట్టుకుని మనిషి రానక్కర్లేదు, ఆఫీసులో కూర్చున్నవాళ్లే సరిచేయాల్సిన పని అది.