ఒంటి కన్నుకు 30 శాతం: ఆ లెక్క ఎక్కడిది?

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపు నుంచి బయటికొచ్చిన వాళ్లను వరంగల్‌లో ముందు అడిగే మాట ‘ఎంత పడింది?’ అనే. 40 పడితే నెలకు 4,016 రూపాయల పింఛనుకు దారి దొరికినట్టు. 30 పడితే లేదు. క్వారీలో రాయి పెచ్చు ఎగిరొచ్చి ఒక కన్ను పూర్తిగా పోయినా, రెండో కన్ను బాగుంటే పడేది ఆ 30 శాతమే. డాక్టరే తగ్గించి రాశాడని ఊళ్లో అనుకుంటారు. నిజానికి ఆ అంకె డాక్టరు చేతిలో లేదు. అది ఎప్పుడో ప్రభుత్వ పట్టికలో రాసిపెట్టి ఉంది.

చూపును అంకెల్లో చెప్పడం 1862లో నెదర్లాండ్స్ డాక్టర్ స్నెలెన్ చేసిన అక్షరాల చార్టుతో స్థిరపడింది. 6/60 అంటే, మామూలు కంటికి 60 మీటర్ల నుంచి ఆనే అక్షరం ఇతనికి 6 మీటర్ల దగ్గరికొస్తే గానీ ఆనదని. కళ్లద్దాలు సరిచేయడానికి పుట్టిన ఈ కొలత తర్వాత పరిహారాలకు, పింఛన్లకు కూడా కొలబద్ద అయ్యింది.

దానితోపాటే అనుమానమూ వచ్చింది. ఇంగ్లండ్ బొగ్గు గనుల్లో మసక దీపాల కింద ఏళ్ల తరబడి పనిచేసిన కార్మికుల కనుగుడ్లు నిలకడ లేకుండా అదిరేవి. 1907లో ఆ జబ్బుకూ పరిహారం ఇవ్వాలని నిర్ణయించారు. ఇక ఇది అసలు జబ్బా, నటనా అని డాక్టర్లే రెండు వైపులా నిలబడి వాదించుకున్నారు. మన సింగరేణిలో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లే కార్మికుడికి ఆ టెన్షన్ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

నటనను పట్టుకునే పరీక్షలూ ఉన్నాయి. వాటిలో ఒకటి చాలా తేలికైనది. రెండు కళ్లూ తెరిపించి పరీక్ష ఫ్రేము పెడతారు. బాగున్న కంటి ముందు ఎక్కువ పవరున్న ప్లస్ అద్దం వేసి, దూరపు చూపు మసకయ్యేలా చేస్తారు. అప్పుడూ చార్టులో కింది వరుసలు చదివాడంటే, ‘కనిపించదు’ అన్న కంటితోనే చదువుతున్నాడన్నమాట. చదవలేకపోతే మాత్రం నిజం చెప్పినట్టేనని వెంటనే తేల్చరు. కంటి నరం స్పందనను యంత్రంతో చూస్తారు.

ఇక చట్టాలు. 1923లో బ్రిటిష్ ఇండియా కార్మికుల పరిహార చట్టం తెచ్చింది. అప్పటికి వరంగల్ నిజాం ఏలుబడిలో ఉంది. ఆ చట్టం చూసింది పోయిన కన్నును. తర్వాత కుదిరిన దాని షెడ్యూల్ ప్రకారం, రెండోది బాగుండి ఒక కన్నే పోతే సంపాదన శక్తిలో 40 శాతం నష్టం, గుడ్డు ఉండి చూపు మాత్రమే పోతే 30.

1995 వికలాంగుల చట్టం చూసింది మిగిలిన కన్నును. అద్దాలు పెట్టాక కూడా మెరుగైన కంటిలో 6/60 దాటకపోతే అంధత్వం. 2001 మార్గదర్శకాల్లో ఒంటి కన్ను వాళ్లకు 30 శాతం వేశారు. 2016 చట్టం అంధత్వాన్ని 3/60 లోపుకు దించి, 6/60 వాళ్లను ‘లో విజన్’ కిందికి మార్చింది. 2018లో పట్టిక మళ్లీ రాశారు. 30 మాత్రం కదల్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో సదరం సాఫ్ట్‌వేర్ వచ్చినా, తర్వాత వికలాంగులకు దేశమంతా ఒకే గుర్తింపుగా యూడీఐడీ కార్డు వచ్చినా మారింది సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతే.

బీమాది మరో దారి. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్ష బీమాలో ప్రమాదంలో ఒక కంటి చూపు పోతే లక్ష, రెండూ పోతే 2 లక్షలు. అదీ ‘పూర్తిగా, తిరిగి రాని విధంగా’ పోతేనే. వేళ్లు లెక్కపెట్టేంత చూపు మిగిలినా క్లెయిమ్ ఆ మాట దగ్గరే చిక్కుకుంటుంది.

బతుకుదెరువు గురించి అడిగేది రోడ్డు ప్రమాదాల్లో పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఒక్కటే అని నాకనిపిస్తుంది. రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే: శరీరంలో ఎంత శాతం పోయిందన్నది వేరు, సంపాదనలో ఎంత పోయిందన్నది వేరు. మొదటిది డాక్టరు చెప్పాలి, రెండోది ట్రిబ్యునల్ తేల్చాలి. అడగ్గానే రాసిచ్చే సర్టిఫికెట్లతో జాగ్రత్తగా ఉండాలని కూడా హెచ్చరించింది.

అందుకే ప్రమాదంలో ఒక కన్ను పోయిన లారీ డ్రైవర్ కేసులో 30 శాతం కాగితం ఒక్కటే పెడితే సరిపోదు. వైద్యం చేసిన కంటి డాక్టరును బోనులోకి పిలిపించాలి. ఆ 30 ఒక్క కంటిదా, మొత్తం మనిషిదా అని బీమా వకీలు ఎలాగూ అడుగుతాడు. ఒంటి కంటితో ఎదురొచ్చే బండి దూరం సరిగా అంచనాకు అందదని, చూపు పరిధి ఆ పక్క కుంచించుకుపోయిందని డాక్టరు నోటితో రికార్డుకెక్కితే, ట్రిబ్యునల్ 30 దాటి ఆలోచించడానికి ఆధారం దొరుకుతుంది.