మహిళల టూర్‌కు తొమ్మిది రోజులే ఎందుకు?

ఫ్రాన్స్‌లో రోజుకో స్టేజీ చొప్పున సాగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్. అందులో మహిళల రేసు మాట రాగానే వైజాగ్ సైక్లింగ్ గ్రూపుల్లో పాత గొడవ మళ్లీ రాజుకుంది. మగవాళ్లకు 21 స్టేజీలు, ఆడవాళ్లకు 9. భీమిలి దాకా తొక్కొచ్చి టిఫిన్ దగ్గర కూర్చున్నా ఇదే చర్చ. "మూడు వారాలు వాళ్లవల్ల కాదు" అనే మాటే గట్టిగా వినిపిస్తోంది. జరిగింది అది కాదు.

1903లో మొదలైన మగవాళ్ల రేసు కథ అందరికీ తెలిసిందే. చూడాల్సింది 1984. ఆ ఏడాది టూర్ నిర్వాహకులే మహిళలకు 18 స్టేజీలు పెట్టారు. మగవాళ్ల కంటే కాస్త ముందు, వాళ్ల దారిలోనే చివరి భాగం తొక్కాలి. అవే కొండలు, అదే ఫినిష్ లైన్. వీళ్లు పారిస్ చేరలేరని మొదటి రోజుకు ముందే తేల్చేసినవాళ్లున్నారు. చేరారు. అమెరికా రైడర్ మరియాన్ మార్టిన్ గెలిచి, మగవాళ్ల విజేత లోరాన్ ఫిన్యోతో కలిసి పోడియం ఎక్కారు. ఆయనకు లక్ష డాలర్లకు పైగా దక్కితే, ఆమెకు వచ్చింది వెయ్యి డాలర్లు. తర్వాత ఇటలీకి చెందిన మరియా కానిన్స్ రెండుసార్లు, ఫ్రాన్స్ రైడర్ జానీ లోంగో వరుసగా మూడుసార్లు గెలిచారు.

1989 తర్వాత ఆ రేసు ఆగిపోయింది. రైడర్లు చేతులెత్తేసి కాదు, ఖర్చుకు తగ్గ స్పాన్సర్లు లేరని. నా దృష్టిలో ఈ గొడవకంతటికీ మూలం అక్కడే. టీవీలో సరిగా చూపించని రేసుకు స్పాన్సర్ ఎక్కడి నుంచి వస్తాడు? తర్వాత వేరేవాళ్లు వేరే పేర్లతో నడిపిన రేసు 2009కల్లా నాలుగు రోజులకు కుంచించుకుపోయి, అదీ ఆగింది.

మహిళల రేసులతో నష్టం వస్తోందని, మళ్లీ పెడితే కలకాలం నిలబడేలా పెట్టాలని నిర్వాహకులు చెబుతూ వచ్చారు. కానీ 2013లో మరియాన్ వోస్, ఎమ్మా పూలీ లాంటి రైడర్లు పిటిషన్ పెట్టి, సుమారు లక్ష సంతకాలు కూడగట్టాకే 2014లో ఒక్కరోజు రేసు వచ్చింది. దాన్ని వోసే గెలిచారు. పూర్తి టూర్ కోసం 2022 దాకా ఆగాల్సొచ్చింది. అప్పుడు 8 స్టేజీలు, 2025లో 9.

ఇక ఓపిక సంగతి. 2022లో ఒక స్టేజీ 175 కిలోమీటర్లు దాటింది. ఇక్కడి నుంచి అరకు ఎక్కి, తిరిగి ఎస్.కోట దాకా దిగినంత దూరం, అదీ రేసు వేగంతో. 2025లో తొమ్మిది రోజుల్లో తొక్కింది 1,160 కిలోమీటర్లకు పైనే. 1984లో 18 రోజులకు కలిపినా అంత లేదు. 2024లో ఆల్ప్ డ్యూయెజ్ కొండ మీద ముగిసిన రేసులో కాషా నివియాడోమా కేవలం 4 సెకన్ల తేడాతో టైటిల్ గెలిచారు.

ప్రైజ్ మనీ లెక్కా చూడండి. 2022 మహిళల విజేతకు 50 వేల యూరోలు, అదే ఏడాది మగవాళ్ల విజేతకు 5 లక్షలు.